మా బావ స్కానర్

మా అక్క మొగుడికి తెలియని విద్య లేదు. ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ ఊగిపోతున్న రోజుల్లో ఆయన ఉద్యోగం మానేసి, చేత్తో పట్టుకుని బొమ్మ చుట్టూ తిప్పితే ఆకారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే స్కానర్ ఒకటి కొని, లాలాగూడలో ఉన్న నా శిల్పాల షెడ్డు మీద పడ్డాడు. "ఇంకా ఎన్నాళ్లు మట్టి పిసుకుతావు మరదలా? నీ పని నేను బాగు చేస్తాను" అన్నాడు. బాగు చేయమని నేనడగలేదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది రైల్వే వర్క్‌షాపులో పనిచేసి చనిపోయిన ఒక ఫుట్‌బాల్ కోచ్ తల. శిష్యులు మైదానం దగ్గర పెట్టించాలనుకున్నారు. ముందు మట్టిలో చిన్నగా చేసి, తర్వాత పెద్దది చేసి, కంచు పోత పోయాలి. పోతకు ముందు ఇంటివాళ్లు వచ్చి ముఖం చూసి సరేననాలి. మా పనిలో అది తప్పదు.

కోచ్ భార్య వచ్చింది. ఎడమ కంటి దగ్గర ఆగింది. "జెర కిందికి బిడ్డా. గా రెప్ప వాలిపోయి ఉంటుండె" అంది. దిద్దాను. చాలలేదు. నన్నడిగి, తడివేలితో తనే నొక్కింది. మనిషి వచ్చేశాడు! ఫొటోలు ముందేసుకుని నేనెంత కుస్తీ పట్టినా రానిది అది.

రెజిమెంటల్ బజార్‌కు ఇనపతీగ కోసం వెళ్లి వచ్చేసరికి స్టాండు ఖాళీ. తల ముద్దలు ముద్దలుగా నీళ్లతొట్టిలో నానుతోంది.

"కంప్యూటర్లోకి ఎక్కించేశాను. ఇంక మట్టెందుకు?" అన్నాడు బావ. అక్క ముఖం చూసి అప్పటికి వదిలేశాను.

ఆయన మిషన్ మీద చెక్కించి తెచ్చిన పెద్ద థర్మాకోల్ తలలో రెండు కళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. అడిగితే నవ్వాడు. "ఎడమవైపు తడికి మెరుస్తుంటే స్కాన్ సరిగా రాలేదు. కుడి సగాన్నే తిప్పి అతికించాను. ఎవడికి తెలుస్తుంది?" ఆ తడి ఎవరి వేలిదో చెప్పాను. "సెంటిమెంటు" అన్నాడు. అప్పుడే చెయ్యి చేసుకోవాల్సింది.

పైగా కోచ్ భార్యను తనే పిలుచుకొచ్చాడు. ఆమె ఆ తల ఎడమ కన్ను తడిమింది.

"దినాం మందుచుక్కలేసిన కన్ను ఇది. ఇప్పుడు నయమైందా?" అంది.

"చూశావా, నచ్చింది!" అన్నాడు బావ నాతో. స్కానర్‌తో సహా బయటికి నడవమన్నాను. అక్క చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయింది.

మళ్లీ మట్టి ఎత్తి తల చేశాను. కోచ్ భార్య మళ్లీ వచ్చింది. రెప్ప మీద వేలు పెట్టి నొక్కింది, చెరిపింది, ఇంకోసారి నొక్కింది. చివరికి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"వస్తలేదు బిడ్డా. ఎంత చేసినా గా మిషన్ కన్నే కనవడుతున్నది. ఆయనది యాదికొస్తలేదు."