అమ్మ తాబేలు, నాన్న తాబేలు

మొన్న మా మనవరాలు మెత్తటి ఫోమ్ ముక్కను చెక్కి తాబేలును చేసి, ఆకుపచ్చ రంగు పూసి కిటికీలో ఆరబెట్టుకుంది. ఇల్లంతా ఆ రంగు వాసన. నాకు మాత్రం తుమ్మబంకలో కలిపిన మసి వాసన గుర్తొచ్చింది, దాని వెనకే పర్చూరులో మా ఇల్లు, కల్లంలో ఎండే మిరపకాయల ఘాటు, తుమ్ముకుంటూ తిరిగే పిల్లలం మేమూ. ఏం చెయ్యను, నా ముక్కు ఇంకా అరవయ్యేళ్ళ కిందటే ఉండిపోయింది.

మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో అందరి కళ్ళూ ఎర్రగానే ఉండేవి. కల్లం నిండా పరిచిన కాయలు, పత్తి తీసి మూటలు కట్టుకొచ్చే ఆడవాళ్ళు, రోట్లో పండుమిరపకాయలతో నూరే గోంగూర పచ్చడి, దాన్లోకి వెన్నముద్ద, అరుగుల మీద చింతపిక్కల ఆటలు, అన్నీ ఉండేవి గానీ, అమ్మ ముఖాన నవ్వు మాత్రం ఉండేది కాదు. చీరాల అవతల సముద్రం ఒడ్డున ఇసక నేలల్లో వేరుశనగ పండించే మా మామయ్య, తన కూతురి పెళ్ళిలో నాన్నను రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టాడట. ఇంటల్లుడికి రెండో బంతా! నాన్న విస్తరి ముందునుంచి లేచి బండి కట్టించాడు. ఆనాటితో రాకపోకలు బంద్. రెండేళ్ళుగా అమ్మ పుట్టింటి పేరెత్తకుండా నోరు కుట్టేసుకుని, మిరప తొడిమలు తుంచి మంటెక్కిన చేతుల్ని మజ్జిగలో ముంచుకుని, ఆ వంకన ఏడ్చేది.

అలాంటి రోజుల్లో మా బళ్ళో పంతులమ్మగారు సముద్రపు జంతువు బొమ్మ చేసి తెమ్మన్నారు. మడుగులోంచి జీలుగ బెండు, అదే పెళ్ళి బాసికాలు చేసే దూదంత తేలికైన తెల్లటి బెండు తెచ్చి, ముక్కలు బంకతో అతికించి, నాన్న కత్తి పట్టుకుని కూర్చున్నాడు. డిప్ప గుండ్రంగా కుదిరింది. నేను చిక్కుడాకు పసరు పూసి, మసితో గళ్ళు గీసి, పసుపూ సున్నం కలిపిన ఎరుపుతో కళ్ళు పెట్టాను. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి నాన్న మా మడుగు తాబేలుకున్నట్టే వేళ్ళూ గోళ్ళూ చెక్కాడు.

అమ్మ ఉండబట్టలేకపోయింది. “సముద్రం తాబేలుకు కాళ్ళేంటండీ? తెడ్లుంటాయి, పడవ తెడ్ల లాగా.”

“తాబేలన్నాక కాళ్ళుండవా? తెడ్లంట, తెడ్లు!”

“నేను పుట్టి పెరిగిందే అక్కడ. ఈ రోజుల్లోనే ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. అన్నయ్యా నేనూ...” అని నాలుక కరుచుకుంది.

నాన్న కత్తి పక్కన పెట్టాడు. అమ్మ తలెత్తలేదు. ఇంకేముంది, ఇవాళ ఇంట్లో అన్నాలుండవనుకున్నాను. ఆయన ఆ బెండు కాళ్ళను వేలితో తడిమి, “సరే, చూసే తేల్చుకుందాం. తెల్లారేసరికి తయారవ్వండి. కాళ్ళున్నాయో, ఊరుకునేది లేదు” అన్నాడు.

చొప్ప పరిచిన బండిలో, ఒళ్ళో తాబేలుతో నేను. నల్లరేగడి అయిపోయి చక్రాలు ఇసకలో దిగబడడం మొదలైన దగ్గర్నుంచీ అమ్మ కొంగు సర్దుకుంటూనే ఉంది. బండి ఆగేసరికి మామయ్య గుమ్మంలో కొయ్యబారిపోయాడు. నాన్న దిగి, ఎటో చూస్తూ, “నీకోసం రాలేదు బావా. తాబేలును చూట్టానికొచ్చాం” అన్నాడు.

మామయ్య ఎడ్ల దగ్గరికి నడిచాడు. “అదెప్పుడొస్తుందో దానిష్టం. వచ్చిందాకా ఉండాలి మరి” అంటూ ఎడ్లను తనే విప్పాడు. ఆ పూట నాన్నొక్కడికే విస్తరి వేసి, ఆయన తిని లేచేదాకా మామయ్య మంచినీళ్ళయినా ముట్టలేదు. అమ్మ స్తంభాన్ని పట్టుకుని, అందరి ముందూ ఏడ్చింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మేమున్నన్నాళ్ళూ ఒక్క తాబేలూ రాలేదు. నాన్న అడగనూ లేదు.

జీలుగ మొలిచే మడుగులు పూడిపోయాయి, ఎడ్లబండ్లు పోయాయి, బంతి భోజనాల్లో మర్యాద కోసం అలిగేవాళ్ళూ పోయారు. ఇప్పుడు పర్చూరులో బస్సెక్కితే ఎంతసేపు, సముద్రం వచ్చేస్తుంది. వెళ్ళడానికి ఏ సాకూ అక్కర్లేదు. దిగి ఎవరి గుమ్మానికి వెళ్ళను?