సాంచెలు అప్పజెప్పే సైగ

పోయిన ఆదివారం మా మేనల్లుడు కారు మాట్లాడి ఇంటిల్లిపాదినీ సూరత్ పక్కనున్న డుమస్ బీచికి తీసుకుపోయాడు. సముద్రమంటే నాకు పెద్ద మోజేమీ లేదు, ఆ బురద నీళ్లు చూడ్డానికి అంత దూరం ఎందుకని దారి పొడుగునా సణుగుతూనే పోయి, టమాటా భజియాల బండి దగ్గర మాత్రం నోరు మూసుకున్నాను. గాలి హోరు, పొయ్యిల చప్పుడు, పిల్లల కేకలు అన్నీ కలిసిన ఆ గోలలో బండికి అవతలి పక్క నా ఈడు పెద్దమనిషి ఒకాయన, దూరంగా ఇసుకలో కూర్చున్న తన తోటివాడి వైపు చూసి బొటనవేలు పెదవికి రెండుసార్లు ఆనించాడు. ఛాయ్ తాగుతావా అని. అవతలివాడు చిటికెనవేలు ఎత్తాడు, సగం చాలని. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో నాకు తెలియదు గానీ ఏ పని చేసి ముసలివాళ్లయ్యారో తెలిసిపోయింది. నా పక్కన కూర్చున్న మా అక్క కూడా చూసింది. చూసి, చేతిలో భజియా చేతిలోనే పెట్టుకుని మొహం సముద్రం వైపు తిప్పుకుంది.

సాంచెల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మరమగ్గాన్ని మావైపు సాంచె అంటారు. సూరత్‌లోని ఉధనాలో మేం పనిచేసిన కార్ఖానాలో అవి వరసగా ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినబడేది కాదు, అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. పోగు తెగితే రెండు చూపుడువేళ్లు కలిపి విడదీయడం, సేటు వస్తుంటే పొట్ట మీద అరచేత్తో గుండ్రంగా రాయడం, సేటు ఎండుపుల్లలా ఉన్నా సరే ఆ సైగ మారేది కాదు. అన్నిటికన్నా గట్టిది ఒకటుండేది. బయటికి పోవాల్సినవాడు పక్కవాణ్ణి చూసి, కంటి కింద వేలు పెట్టి, తర్వాత అరచెయ్యి తన సాంచెల మీదుగా తిప్పేవాడు. నా సాంచెలు చూస్తూ ఉండు, నేను పోతున్నానని దానర్థం. పక్కవాడు తన గుండె మీద వేళ్లతో తట్టుకోవాలి. అట్లా తట్టుకుని ఒప్పుకునేదాకా మొదటివాడు ఎంత అవసరమైనా సాంచె విడిచి కదలకూడదు. అది ఎవరూ రాయని కట్టుబాటు, సేటు కొట్టినా తిట్టినా తప్పేవాళ్లం కాదు.

కరీంనగర్ వైపు పల్లె నుంచి నన్ను సూరత్ తెచ్చి ఆ పనిలో పెట్టింది మా బావ, అంటే అక్క పెనిమిటి. నా సాంచెల పక్కవే ఆయనవి. అక్క కూడా కొడుకు పుట్టేదాకా అదే కార్ఖానాలో ఒక మూల కూర్చుని దారం కండెలు చుట్టేది. బావ నాకు సాంచెలు అప్పజెప్పి పోవడం, నేను గుండె తట్టుకోవడం, ఇట్లా మా ఇద్దరి వయసూ అయిపోయింది.

కరోనా వచ్చిన మొదటి ఏడు సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయినప్పుడు మాకు కొత్త సంగతొకటి తెలిసింది, మేమందరం చెవిటివాళ్లమని. లింబాయత్‌లో మా గల్లీ నిండా మగవాళ్లు ఇళ్లలో కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకునేవారు, కొట్లాట కాదు, మామూలు మాటలే. మూతికి గుడ్డలొచ్చాక పెదవులు చూసి అర్థం చేసుకునే ఆధారమూ పోయింది. బావా నేనూ మాత్రం అరుగు మీద ఈ చివరొకరం ఆ చివరొకరం కూర్చుని చేతులతో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం. మేనల్లుడు పిచ్చివాళ్లను చూసినట్టు చూసేవాడు. వాడు సూరత్‌లో పుట్టినవాడు, కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టేవాడు, వాడికి సాంచెల ముచ్చట ఎందుకుంటుంది?

మరుసటి ఏడు ఎండాకాలంలో బావకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాం. ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి, నిజం చెబితే బతకనిచ్చేవాళ్లు కారు. గల్లీలో తెలిస్తే వెదురుకర్రలు అడ్డం కట్టి పాలవాణ్ణి కూడా రానివ్వరని, బావకు ఆల్థాన్‌లో వాచ్‌మెన్ పని దొరికి అక్కడే ఉంటున్నాడని చెప్పాం. ఊళ్లోవాళ్లకు ఫోన్లో మామూలు జ్వరమన్నాం. మాతోనే ఉండే బావ తల్లి, నేను అత్తమ్మ అని పిలిచే ముసలామె, కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడంటే ఆ మాటకే పోతుందని, ఊళ్లో ఇల్లు కప్పేయించడానికి పోయాడన్నాం. ఒక్క మనిషి ఒకేసారి ఇన్నిచోట్ల బతికాడు, మంచం మీద మాత్రం చావుతో కొట్లాడుతున్నాడు. ఈ అల్లికంతా నాదే. అత్తమ్మ ఊరుకునే మనిషా? పొద్దున లేస్తే అదే ఆరా.

“పెంకలు కొత్తయే ఏపిస్తుండా, పాతయే తిప్పుతుండా? అడిగినవా?”

“కొత్తయే అత్తమ్మా. వంటింటి దిక్కు అయిపోయిందట” అనేవాణ్ణి. చెప్పగా చెప్పగా నా కళ్లకూ ఆ కప్పు కనబడేది, సాయంత్రాలు దాని నీడన కూర్చుంటే బాగుండునని కూడా అనిపించేది.

ఆస్పత్రి లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. రోజుకొకసారి వార్డుబాయ్ ఒకతను దయదలచి వీడియో ఫోన్ కలిపేవాడు. బావ మొహానికి ఆక్సిజన్ మాస్కు, మాట లేదు. మొదటిరోజు ఆయన చెయ్యి ఎత్తి కదిలిస్తే మేనల్లుడు కంగారుపడి ఫోన్ నా వైపు తిప్పాడు.

“మామా, నాయిన ఏదో అంటుండు. జర చూసి చెప్పు.”

ఛాయ్ లేదంటున్నాడని చెప్పాను. అది నిజమే. తర్వాతి రోజు వేళ్లు కలిపి విడదీశాడు, పోగు తెగుతోందని. పక్క మంచం అతనితో మంచిగా పొద్దుపోతోందంటున్నాడని చెప్పాను. అట్లా ఆయన ఒకటి అనడం, నేనొకటి చెప్పడం, మేనల్లుడి మొహం విప్పారడం. అక్క వెనకాల గోడకానుకుని నిలబడి చూసేది. ఆమె కండెలు చుట్టిన మనిషన్న సంగతి నాకు గుర్తే రాలేదు. నలభయ్యేళ్లుగా వంటింట్లో చూసిన మనిషిని కార్ఖానాలో ఎట్లా ఊహించుకుంటాం?

ఒకరోజు బావ కంటి కింద వేలు పెట్టాడు. అరచెయ్యి మెల్లగా తిప్పాడు, ఫోన్లో కనబడుతున్న కొడుకు మీదుగా, భార్య మీదుగా. తిప్పి, నా కోసం చూశాడు.

నేను చెయ్యెత్తలేదు. ఒప్పుకోకపోతే సాంచె విడిచి పోకూడదు గదా, పోడు గదా అన్నది ఒక్కటే నా బుర్రలో ఉంది. ముసలితనంలో పిల్లచేష్ట అనుకోండి, నాకేం సిగ్గు లేదు. అందరూ బాగున్నారా అని అడుగుతున్నాడని మేనల్లుడికి చెప్పి తప్పుకున్నాను. మర్నాడు మళ్లీ అదే సైగ. ఆ మర్నాడు చెయ్యి సగం దాకా లేచి మంచం మీద పడిపోయింది, మళ్లీ లేపాడు. నేను రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాను.

అప్పుడు అక్క గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి నా చెవి దగ్గర, నాకు వినబడేంత గట్టిగా అంది.

“ఎన్నిసార్లు అడుగుతడురా ఆయిన? ఒప్పుకో తమ్మీ. నిలవడి నిలవడి అలిసిపోయిండు.”

నా చెయ్యి లేవలేదు. అక్క కొడుకు చేతిలోంచి ఫోన్ తీసుకుని, మొహానికెదురుగా పట్టుకుని, ఆయన చూసేదాకా ఆగి, తన గుండె మీద వేళ్లతో తట్టుకుంది. బావ కాసేపు ఆమెనే చూశాడు. చెయ్యి దుప్పటి మీదికి దించుకున్నాడు. మేనల్లుడు ఏందమ్మా, ఏమన్నడు అని అడిగితే ఆమె ఫోన్ వాడి చేతికిచ్చింది.

“తిన్నవా అని అడిగిండు బిడ్డా. తిన్న అన్న.”

మర్నాడు మధ్యాహ్నానికి కబురొచ్చింది. శవాన్ని ఇవ్వలేదు, శ్మశానం గేటు బయట నిలబడి, ప్లాస్టిక్ బట్టలవాళ్లు మోసుకుపోతున్న మూటల్లో ఏది బావో తెలియక అన్నిటికీ దండం పెట్టాం. గల్లీకి నిజం చెప్పక తప్పలేదు. అత్తమ్మకు మాత్రం చెప్పలేదు. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి గానీ చెవులు పదును, అందుకని అక్క ఆ గదిలోకి అన్నం పట్టుకుపోయే ముందు గాజులు తొడుక్కునేది, బయటికొచ్చి తీసేసేది. ఊళ్లో ఇంటికి కప్పు ముగించి, అరుగులు వేసి, గోడలకు సున్నం కూడా కొట్టించాను. వానాకాలం మొదట్లో అత్తమ్మ పోయింది, కొత్త కప్పు ఎక్కడా కురవడం లేదు గదా అని అడిగి మరీ పోయింది. నిజానికి ఆ ఇల్లు ఎప్పుడో కూలిపోయింది.

మేనల్లుడు తన పిల్లలకు ఇప్పటికీ చెబుతుంటాడు, మీ తాత చివరిసారి మీ నానమ్మను తిన్నవా అని అడిగాడని. చెప్పుకోనీ. వాడు చదివింది గుజరాతీ బడిలో, తెలుగు చదవడం రాదు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. వాడి నాయన వాడి దగ్గర అట్లా ఉన్నాడు, అత్తమ్మ కొడుకు పెంకుల కింద ఉన్నాడు, అక్కా నేనూ, మా ఇద్దరి దగ్గర ఉన్నాయన వేరు. ఏది అసలుదని అడిగితే నేను చెప్పలేను.

ఈ మధ్య మా పాత కార్ఖానా వైపు పోయాను. కొత్త సాంచెలు వచ్చాయి, పోగు తెగితే అవే ఆగిపోతాయట. పనివాళ్లు చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటున్నారు. ఒక పిల్లవాడు పక్కవాణ్ణి చూడకుండానే బయటికి పోయాడు, పక్కవాడు తలెత్తలేదు. తప్పేముంది, ఎవరికీ ఏదీ అప్పజెప్పాల్సిన పని లేదిప్పుడు. చెవులు కాపాడుకుంటున్నారు, సంతోషమే. కానీ మనసు చివుక్కుమంది.

డుమస్‌లో పొద్దు వాలుతుంటే అక్క లేచింది, కాళ్లు తడుపుకొస్తానని. చెప్పులూ సంచీ నా దగ్గర పెట్టి పది అడుగులు పోయి వెనక్కి తిరిగింది. గాలికి మాట వినబడదనుకుందేమో, కంటి కింద వేలు పెట్టి, అరచెయ్యి సంచీ మీదుగా, ఇసుకలో ఆడుతున్న మనవల మీదుగా తిప్పింది. నన్ను చూస్తూ నిలబడింది. ఆమెకు డెబ్బయి దాటాయి. నేను చెయ్యెత్తలేదు. అక్క కదల్లేదు. చివరికి నేనే సంచీ భుజానికి తగిలించుకుని, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని లేచి, నీళ్లదాకా ఆమెతో కలిసే నడిచాను.