మిరపకాయ ఒప్పుకోని ఇల్లు

మా బుడాన్ మామయ్య మిరపకాయని అడగనిదే ఏ పనీ చెయ్యడు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు కాయలో చెమ్మ చూసిన మనిషి. పెళ్ళిచూపులప్పుడు కూడా అత్తయ్య వాళ్ళ వంటింట్లో ఒక ఎండుకాయ విరిచి చూశాకే సరేనన్నాడట.

2003లో మా వీధిలో అద్దె ఇళ్ళన్నీ నెలాఖరుకి కూలగొడతామన్నారు. నాన్న లేడు. అమ్మ సత్తెనపల్లి దగ్గరి పత్తిచేను అమ్మేసింది. ఆ డబ్బుకి కొత్త ఫ్లాటు రాదు, లిఫ్టు లేని పాతది వస్తుంది. ఏది కొనాలో తేల్చే పని అమ్మ తన తమ్ముడికి అప్పజెప్పింది. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

చూసిన ప్రతి ఫ్లాటులోనూ పడకగది మూల గుప్పెడు ఎండుమిరపకాయలు పోయించేవాడు. మర్నాడు వెళ్ళి ఒకటి విరిచేవాడు. ఫెళ్ళున విరిగితే గోడ పొడి. వంగితే గోడలో చెమ్మ. తొమ్మిదో తరగతిలో బడి మానేసి అమ్మతో యార్డులో తొడిమలు తీస్తున్న నాకు, కాయల సంచీ మొయ్యడం కొత్త ఉద్యోగం.

మొదటి ఫ్లాటు సుబ్బరావమ్మగారిది. మర్నాడు వెళితే మూల ఖాళీ.

"కాయలేవండీ?" అన్నాడు మామయ్య.

"మీవా? ఎవరో మర్చిపోయారనుకుని పప్పులో తాలింపేశా. కమ్మగా ఉన్నాయండీ."

"కమ్మదనం కాదమ్మా, విరిగాయా, వంగాయా?"

"వేగాయండీ!"

ఆ ఇల్లు పోయింది.

రెండోచోట బ్రోకరు అంకమ్మరావు గట్టివాడు. మేం వెళ్ళేసరికి కాయలు గలగలమంటున్నాయి. "చూశారా బుడాన్‌గారూ, ఫెళ్ ఫెళ్!"

మామయ్య ఒక కాయని వెలుగులో పెట్టి చూశాడు. "నేను పోయించింది తేజ రకం, నున్నగా ఉంటది. ఇది బ్యాడిగి. ఒక్క రాత్రికి ఇన్ని ముడతలు పడ్డానికి ఇదేమన్నా నా మొహమా?"

ఆ ఇల్లూ పోయింది. తర్వాత ఆరు ఫ్లాటులు చూశాం. వంగింది, వంగింది, వంగింది. మా వీధిలో ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. ఆకాశం కింద సామాను ఎలా సర్దాలా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

తొమ్మిదోది కొరిటెపాడులో, మూడో అంతస్తు. గాలీ వెలుతురూ చూసి అమ్మ మొహం విప్పారింది. మామయ్య కాయ మీదికి వంగి, లేచి, "వంగిందక్కా" అన్నాడు.

"ఒరేయ్ బుడానూ, ఇంక పదిరోజులేరా! పోనీలే, నడిరోడ్డు మీద గోడలుండవు, చెమ్మా ఉండదు. అక్కడే పడుకుంటాం." అమ్మ విసురుగా దిగిపోయింది.

కాయలు ఏరుతుంటే నా చేతిలో ఒకటి ఫెళ్ళుమంది. ఇంకోటి నొక్కాను. అదీ ఫెళ్ళుమంది.

"మామయ్యా, ఇవి విరుగుతున్నాయి."

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎక్కేటప్పుడు మీ అమ్మ ఎన్నిసార్లు ఆగింది?"

"నాలుగు."

"ఆగి?"

"తలుపుల మీద పేర్లు చదివింది."

"మీ అమ్మకి చదువొచ్చా?"

రాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"దాని ఆయాసం గురించి ఎవడన్నా ఎత్తగలడా? మెట్లెక్కలేవంటే పంతానికి ఐదో అంతస్తు కొంటది. అదే మిరపకాయ మీద పెడితే దానికి కోపం రాదు. నువ్వు నోరు మూసుకో మెహరూ."

నాలుగు రోజుల గడువుండగా అదే వీధిలో కింది ఫ్లాటు ఒకటి దొరికింది. కిటికీ తీస్తే స్కూటర్లు కనిపిస్తాయి, ఎండ కనిపించదు. కాయ మాత్రం నిజంగానే విరిగింది. "కొనెయ్యక్కా," అన్నాడు మామయ్య. అమ్మ ఎదురు చెప్పలేదు.

ఆ సాయంత్రం మూటలు కడుతూ ఆగలేక అడిగాను. "నీకు మూడో అంతస్తుది నచ్చింది కదమ్మా?"

"నచ్చింది. ఆ కాయలు వంగాయంటే నేను నమ్మాననుకున్నావా? ఇన్నేళ్ళు తొడిమలు తీశా, గుమ్మంలోంచే తెలుస్తది." అమ్మ ముడి బిగించింది. "వాడి మోకాళ్ళు అరిగిపోయాయే. అంత పైన కొంటే మనింటికి రోజూ ఎట్టా ఎక్కుతాడు? నొప్పని చెప్పుకోడానికి మగాడికి పౌరుషం, పాపం, కాయల మీదికి నెట్టాడు. కనిపెట్టానని తెలిస్తే చిన్నబోతాడు. నువ్వు మాత్రం అనకు."

"అననమ్మా," అన్నాను.

ఇద్దరితోనూ అనలేదు.