అన్న చెప్పిన సినిమా

స్వరపేటిక తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు అన్న ఏడవలేదు. "తీస్తే తియ్యనీ, పాణం ఉంటది గదా" అన్నాడు. ఏడ్చింది నేను. నన్ను పెంచింది ఆ గొంతే.

అమ్మ పోయిన ఏడాదే అన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీగా చేరాడు. మిల్లు వెనక రేకుల షెడ్డులో టీవీ పెట్టి కుంగ్‌ఫూ సినిమాలు వేసేవారు. ఆ భాష ఎవరికీ రాదు. అన్నకూ రాదు. అయినా టీవీ పక్కన నిలబడి కథంతా తెలుగులో చెప్పేది ఆయనే. ఆడపిల్లలను అటు రానిచ్చేవారు కాదు కనుక ఇంటికొచ్చి, అన్నం కలిపి పెడుతూ నాకు మళ్లీ చెప్పేవాడు. అన్నిటిలోకీ నాకిష్టమైంది ఒకటే. ఉప్పు మూటలు మోసే కూలీ ఒకడు కర్రసాము నేర్చుకుని, తన గురువును చంపించిన షావుకారు మీదికి పోతాడు. వాడు దెబ్బ తిన్నప్పుడల్లా ఒక ముసలామె దూరంగా నిలబడి ఏడుస్తుంటుంది. చివరి కొట్లాటలో వాడి కర్ర దెబ్బకే చచ్చిపోతుంది. "గామె వాళ్లమ్మ. చిన్నప్పుడు తప్పిపోయింది. వానికి ఎరుకలేదు" అనేవాడు అన్న. అక్కడ నాకు ముద్ద దిగేది కాదు. మర్నాడు మళ్లీ అదే చెప్పమని పీకల మీద కూర్చునేదాన్ని.

ఆపరేషన్‌కు ముందు ఆ కథను ఆయన గొంతుతో ఫోన్లో రికార్డు చేసుకోవాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆ సినిమాను మళ్లీ తీశారని, తెలుగు మాటలతో సూర్యాపేటలో ఆడుతోందని తెలిసింది. "జర మర్చిపోయిన. ఒక్కపాలి సూసొచ్చి చెప్త" అన్నాడు. కోదాడ నుంచి నేను, మిర్యాలగూడ నుంచి ఆయన వచ్చి సూర్యాపేట బస్టాండులో కలుసుకున్నాం.

సినిమా దరిద్రంగా ఉంది. కర్ర గాలిలో గిరగిరా తిరుగుతుందే తప్ప దెబ్బ ఎవరికీ తగిలినట్టుండదు. హీరో కొట్టేదానికంటే వాగేది ఎక్కువ. అదంతా ఓర్చుకున్నాను. ముసలామె నోరు విప్పాక మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆమె షావుకారు పెట్టిన మనిషి. గురువును పట్టించింది ఆమే. ఏడుపంతా దొంగ ఏడుపు. హీరో ఆమెను తెలిసే చంపాడు. హాల్లో ఈలలు వేశారు.

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. "మంచి కథను ఆగం చేసిండ్రు. వీళ్ల చేతులు పడిపోను."

అన్న నా వైపు చూడలేదు. అప్పటికే ఆయన మాటలో సగం గాలే. "వాళ్లు మార్సలే చెల్లె. పాతదాంట్ల గూడ గంతే ఉండొచ్చు. నాకు వాళ్ల భాష వచ్చా? ఏడుస్తుంటె అమ్మ అనుకున్న. గట్లనే చెప్పిన."

"నాకు నువ్ చెప్పిందే కావాలె. చెప్పన్నా" అంటూ ఫోన్ తీశాను.

"కాదని తెలిసినంక ఇగ ఎట్ల చెప్పాలె" అని మిర్యాలగూడ బస్సెక్కాడు. ఆపరేషన్ దాకా రోజూ బతిమాలాను. ఆ సినిమా తీసినవాళ్లను రోజూ తిట్టుకున్నాను. అన్న చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. మెడకు కన్నం, అందులో గొట్టం. దవాఖాన మంచం పక్కన కూర్చుని ఈసారి కథ నేనే మొదలుపెట్టాను. అన్న కళ్లు మూసుకుని విన్నాడు. ముసలామె రాగానే కళ్లు తెరిచి, వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఏదో అనబోయాడు. గొట్టంలోంచి గాలి ఒక్కటే వచ్చింది. నేను ఆగలేదు. ఆమె వాళ్లమ్మేనని చెప్పాను. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.