చక్రం కింద ఇటుక

సూర్యలంకలో రెండు రోజులుండి, నాన్న పాత కారులో పిల్లలతో రేపల్లె తిరిగొస్తుంటే కర్లపాలెం దగ్గర బ్రేకు మాడిన వాసన గుప్పుమంది. కారు పక్కకి ఆపాను. రోడ్డు పక్క షెడ్డులోని మెకానిక్ వెనక చక్రం డ్రమ్ము మీద సుత్తితో కొట్టి, పట్టేసిన బ్రేకు విడిపించాడు.

"రెండు రోజులూ హ్యాండ్ బ్రేకు లాగే ఉంచారా అక్కా? ఉప్పుగాలికి పట్టేస్తుందండి."

మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, డిక్కీలో చెమ్మ వాసనేసే ఆ ఎర్ర ఇటుక! సముద్రం దగ్గర నాన్న హ్యాండ్ బ్రేకు వేసేవారు కాదు, చక్రం కింద ఇటుక పెట్టేవారు. మేం అలల్లో కేకలు పెడుతుంటే, వాలులో ఆగిన కారుకీ మాకూ మధ్య నిలబడేవారు.

"మీరు ఆడుకోండమ్మా, నేనిక్కడే ఉంటా."

నాన్నకి నీళ్లంటే భయమని నవ్వుకునేవాళ్లం.

ఇవాళ మా వీధి వాలులో నేనూ ఇటుకే పెట్టాను. ఐదుసార్లు వెళ్లి చూశాను. పిల్లలు కారు వెనకే ఆడుకుంటున్నారు. కారుకీ వాళ్లకీ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.