నిప్పు లేకుండా లేపిన కమాన్లు

మొన్న జనగామలో ఆటో దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఒక మెకానిక్ పాత లారీ ముందు చక్రాలు విప్పి కమాన్లు కిందికి దించుతున్నాడు. బండి బరువును మోస్తూ విల్లులా వంగి ఉండే ఆ ఇనుప పట్టీల మీద ఏళ్ల తరబడి గడ్డకట్టిన గ్రీజు, తడిమట్టి, కిరసనాయిలు కలిసిన వాసన ముక్కుకు తగలగానే, పాలకుర్తి దగ్గరి మా ఊళ్లో, మా కమ్మరి వాకిట్లో నాకు తొమ్మిదేళ్లప్పుడు నిలబడ్డ ఒక నల్ల కారు కళ్లముందుకొచ్చింది.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన తర్వాతి వానకాలం అది. దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లకు తుపాకులు బాగుచేసిచ్చాడని బాపును, అంటే మా నాన్నను, వరంగల్ జైలుకు తీసుకుపోయారు. ఊళ్లో ఎవరూ కొలిమి అంటించవద్దని మిలిటరీ క్యాంపు నుంచి హుకుం వచ్చింది. అంతకుముందు తొలకరి పడ్డదంటే మా వాకిలి నిండా నాగళ్లు, కర్రులు, కొడవళ్లు, వాటిని తెచ్చిన రైతులు, వాళ్లు ఉడకబెట్టి మూటగట్టుకొచ్చిన మక్కగుడాల వాసన, తిత్తి ఊదే బుస్సుబుస్సు చప్పుడు, ఎర్రని ఇనుము నీళ్లలో ముంచితే లేచే ఆవిరి; మేం ఆడపిల్లలం ఆ వేడి పక్కనే కచ్చకాయలాడేవాళ్లం. ఆ ఏడు కొలిమి గుంటలో మా కోడిపెట్ట గుడ్లు పెట్టుకుని పొదిగింది.

మా పెద్దక్క ఎల్లమ్మ నిండు నెలలతో పుట్టింటికొచ్చి ఉంది. ఆమె తొలిచూలు బిడ్డ జనగామ దవాఖానకు పోయే తోవలో ఎడ్లబండి మీదే పోయింది. అందుకే ఈసారి జనగామ డాక్టరు సామ్యేలు గారు తన కారులో వచ్చి చూసి, నొప్పులు మొదలుకాగానే కబురంపమని, తానే వచ్చి తీసుకుపోతానని అన్నారు. కాని ఆ రోజు వస్తుంటేనే, లారీలు రాకుండా సంగపోళ్లు తవ్విన కందకం దగ్గర కారు ముందుభాగం నేలకు కొట్టుకుంది. కందకంలో మిలిటరీ పోయించిన మట్టిని వానలు కోసేశాయి.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ కొంగు నడుముకు చుట్టి కారు కిందికి దూరింది. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, "ముందు కమాన్లు వాలినయి సాబ్. లేపాలె" అంది.

"హైదరాబాదు పంపాలె రాజవ్వా. నెల పడుతది."

"నా బిడ్డకు నెల లేదు. ఈడనే ఇడిసిపెట్టు."

"కొలిమి బందున్నది గద?"

"నిప్పు లేకుంటనే లేపుత."

డాక్టరు గారు బోల్టులు విప్పే పానాలు, జాకీ మా అరుగు మీద పెట్టి, ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వెళ్లిపోయారు.

మర్నాడు అవ్వ, ఇద్దరు ఎరుకైన రైతులు కలిసి కారు ముందుభాగాన్ని చింతమొద్దుల మీదికెత్తారు. తుప్పు పట్టిన బోల్టులకు రాత్రంతా కిరసనాయిలు పట్టించి ఉంచారు కనుక తెల్లారేసరికి వదిలాయి. ఒక్కో వైపు ఏడు పట్టీలు. ఏది ఎక్కడిదో తప్పిపోకుండా నేను వాటిమీద సున్నంతో చుక్కలు పెట్టాను. అవ్వ బొగ్గుతో నేలమీద పాత వంపు గీసి, దానిపైన రెండు వేళ్ల ఎత్తున కొత్త వంపు గీసింది. తర్వాత గుంత తొలిచిన మొద్దు మీద పట్టీని బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, బాపు వాడే చిన్న సుత్తెతో ఒక చివర నుంచి ఇంకో చివరకు, వేలెడు ఎడంతో, మెల్లమెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. గట్టిగా కొడితే చల్లటి ఇనుము పగులుతుంది. ఇరవై దెబ్బలు కొట్టేది, తల వంచి వినేది, నేలమీది గీతకు ఆనించి చూసేది, మళ్లీ కొట్టేది.

ఆ చప్పుడుకే రెండోనాడు మధ్యాహ్నం ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని పోలీసు పటేలు వచ్చాడు. అక్క గోడకు ఆనుకుని బిగుసుకుపోయింది.

"కొలిమి అంటుపెట్టినవా రాజవ్వా?"

అవ్వ సుత్తె ఆపలేదు. "చెయ్యి పెట్టి చూడు పటేలా."

ఒక జవాను వంగి కొలిమి గుంటలో చెయ్యి పెట్టాడు. కోడిపెట్ట రెక్కలు విప్పి అతని వేలు పొడిచింది. రెండో జవాను పకపకా నవ్వాడు. పటేలు కారును, మొద్దును, అక్క కడుపును చూసి, జవాన్లను తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మాత్రం అవ్వ సుత్తె కింద పెట్టి చెంబెడు నీళ్లు తాగింది.

నాలుగు రోజులు పట్టింది. గొడ్డళ్లు చేద్దామని బాపు దాచిన పాత లారీ పట్టీలు రెండు, ఒక్కో వైపు ఒకటి, అడుగున చేర్చింది. కారును దించితే ముక్కు పైకెత్తి నిలబడ్డది. డాక్టరు గారు వచ్చి రెండుసార్లు దానిమీద ఎక్కి దిగి, చూసుకుని తీసుకుపోయారు.

వారానికి అక్కకు తెల్లవారుజామున నొప్పులొచ్చాయి. సైకిలు మీద కబురు పోతే పొద్దెక్కేసరికి కారు వచ్చింది. కమాన్లు ఎత్తుతోపాటే గట్టిపడి ప్రతి రాయీ ఒంటికి తెలుస్తుంటే, అవ్వ వెనక కూర్చుని అక్కను తన రొమ్ముకు ఆనించుకుని కుదుపులన్నీ తాను తీసుకుంది. కందకం దగ్గర డాక్టరు గారు గేరు తగ్గించారు. ముందు చక్రాలు దిగాయి, డాక్టరు గారి పక్కన నేను తలుపు పట్టుకున్నాను, చక్రాలు లేచాయి. నేలకు ఏదీ తగల్లేదు. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది.

మరుసటేడు బాపును వదిలారు. జనగామలో ఎదురుచూస్తున్న అవ్వను, నన్ను వెంటబెట్టుకుని ముందుగా డాక్టరు గారి ఇంటికే పోయి కారు కింద పడుకున్నాడు. చాలాసేపు నాకు ఆయన పాదాలే కనిపించాయి. లేచి వచ్చి అవ్వతో, "ఏ సుత్తెతోని కొట్టినవే?" అన్నాడు.

"నీ చిన్నదానితోనే."

మా ఇంట్లో పటకారు, చిన్న సుత్తె పట్టి ఎక్కడ కొట్టాలో చూపించేది ఎప్పుడూ బాపే. చూపిన చోట సమ్మెట వేసేది అవ్వ. కొలిమి మళ్లీ అంటించిన రోజు బాపు ఆ చిన్న సుత్తెను ఆమె చేతిలో పెట్టి, తాను సమ్మెట ఎత్తుకున్నాడు. "ఏడ కొట్టాల్నో చూపియ్యి" అన్నాడు. చివరిదాకా అట్లనే చేశారు.

ఇప్పుడు మా ఊళ్లో కొలిమి లేదు; కొడవళ్లు పాలకుర్తి దుకాణాల్లో కట్టలుగా దొరుకుతున్నాయి. కందకం ఎక్కడుండేదో తారురోడ్డు మీద నేనే గుర్తుపట్టలేను. ఆనాడు పుట్టిన పిల్ల ఘనపూర్‌లో మునిమనవలను ఆడిస్తోంది. ఇనుము ఇంకో దెబ్బకు ఓరుస్తుందో లేదో అవ్వ చప్పుడును బట్టే చెప్పగలిగేది. నాలుగు రోజులు పక్కనే కూర్చున్నాను, ఏం వింటున్నావవ్వా అని ఒక్కసారి కూడా అడగలేదు.