పక్కవాడి మట్టి కూడా

ఎనభైల్లో కాలిఫోర్నియాలో మేం స్పీడ్‌వేకి, అంటే మట్టి ట్రాక్ మీద బ్రేకుల్లేని బైకుల పందేలకు వెళ్ళేవాళ్ళం. మా అభిమాన రైడర్ పందేనికి ముందు తన బైకు కిందున్న మట్టిని బూటుతో చదును చేసుకుని, పక్కవాడిది కూడా చేసిపెట్టేవాడు.

ఒక ఫైనల్‌కి బైకుల ముందు అడ్డంగా, పైకి లేచేదాకా ఎవరి బైకూ తాకకూడని స్టార్టింగ్ టేపు కట్టిన వాలంటీరును నేనే. బైకులు కదలకముందే టేపు ఊడిపడింది. మా రైడర్ బైకు తగిలిందనుకుని రిఫరీ ఆయన్ను పందెం నుంచి తప్పించాడు. నా ముడి వదులని తెలిసీ నేను నోరు విప్పలేదు.

వెళ్తూ ఆయన నా దగ్గర ఆగాడు.

"నీ షూ లేసులు కూడా ఇలాగే కట్టుకుంటావా, బడ్డీ?" అని నవ్వాడు. రిఫరీకి మాత్రం ఏమీ చెప్పలేదు.

పాత మిత్రులు ఇప్పటికీ, "తొందరపడి ఫైనల్ పోగొట్టుకున్నాడ్రా!" అంటారు.

లేదు. ఆయన బైకు అంగుళం కూడా కదలలేదు.